డెబ్బై ఒకటి దగ్గర లేచిపోయాను

మా చిన్నప్పుడు నగరిలో కరెంటు పోతేనే నాకు సెలవు... మరమగ్గాలు ఆగితే పలక పట్టుకుని కూర్చునేదాన్ని. కరెంటు వచ్చిందంటే మాత్రం ఇంట్లో ఎవరు ఏ పనిలో ఉన్నా లేవాల్సిందే. నాయన మగ్గం దగ్గరికి, నేను కండెలకు నూలు చుట్టడానికి.

ఎనిమిదో తరగతిలో లెక్కల సారు బోర్డు మీద 10001 అని రాశారు. "ఇది దేంతోనైనా శేషం లేకుండా పోతుందా, పోదా? సోమవారం సరిగ్గా చెప్పినోళ్లని చిత్తూరులో లెక్కల పోటీకి తీసుకుపోతా" అన్నారు. నేను అప్పటికి చిత్తూరే చూడలేదు! అమ్మ ఆ రోజే కొత్త పావడా తీసి పెట్టింది.

నూరు లోపలి ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలని సారే చెప్పారు. ఆదివారం కరెంటు పోగానే మొదలుపెట్టాను... మూడు, ఏడు, పదకొండు, పదమూడు... ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలేది. ఛీ, ఏం సంఖ్య ఇది! పదివేలు ఎంత బుద్ధిమంతురాలు, రెండుతోనైనా పోతుంది, ఐదుతోనైనా పోతుంది. దానికి ఒక్కటి తగిలిస్తే ఇంత మొండితనమా? పలక తుడిచి తుడిచి ఒంటి మీదున్న పాత పావడా అంచు తెల్లబడింది.

పక్కనే అనపకాయలు ఒలుస్తున్న అవ్వ నవ్వింది. "సున్నాకి ఒకటి కలిపితే ఇంక విడిపోదు మే. అందుకే గదా పెండ్లిలో నూటొకటి సదివిస్తాం!"

నిజమే కదా, నూటొకటిని ఏదీ భాగించదు! అయినా వదల్లేదు... డెబ్బై ఒకటి దాకా వచ్చాను. అరవై ఒకటి మిగిలింది.

అప్పుడొచ్చింది పాడు కరెంటు. వీధంతా మగ్గాల మోత.

"పాపా, లెయ్యే! పలక ఆడ పెట్టి రా, కండెలు అయిపోయినాయి!" అని నాయన కేక.

ఇంకా ఐదు సంఖ్యలు మిగిలాయి. అవ్వ చెప్పింది కదా, విడిపోదులే అనుకుని లేచాను.

సోమవారం గట్టిగా చెప్పాను, "ఇది ప్రధాన సంఖ్య సార్!" వెనక బెంచీలోంచి సైకిల్ షాపు వాళ్ల గోవిందు లేచాడు. "డెబ్బై మూడుతో పోతాది సార్. నూట ముప్పై ఏడు సార్లు." సారు బోర్డు మీద చేసి చూపించారు. శేషం సున్నా.

డెబ్బై మూడు! డెబ్బై ఒకటి తర్వాత నేను చేయాల్సింది అదే! ఇంకొక్క భాగహారం...

గోవిందు చిత్తూరు వెళ్లాడు. నా కొత్త పావడా మళ్లీ పెట్టెలోకి వెళ్లింది. ఏడుస్తుంటే నాయన "ఒక్క లెక్కే గదమ్మా, పోనీలే" అన్నాడు. ఒక్క లెక్కేనట! ఆ మాటకి ఒళ్లు మండిపోయింది. అవ్వతోనైతే మాటలే మానేశాను.

మొన్న ఫోనులో 10001 కొట్టి, దేంతో పోతుందని అడిగి చూశాను. రెప్ప వేసేలోపు 73, 137 అని వచ్చేశాయి. సంతోషం రాలేదు, కోపమొచ్చింది... దానికేం, పని మధ్యలో "కరెంటొచ్చింది, లెయ్యే" అని దాన్ని ఎవరూ పిలవరు కదా!

ఇంకొక్కటి చేసుంటే వచ్చేసేది అని ఇప్పటికీ కుతకుతలాడే లెక్క మీకూ ఉంటే కింద రాయండి... నన్ను మాత్రం "పోనీలే" అనకండి.