తూము దగ్గర భోజనాలు

మా ఎమ్మెల్యే గారు నన్ను ‘మాస్టారూ’ అని పిలిచేవారు. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. పదో తరగతితోనే చదువు ఆపేశాను. చెరువు గట్టుకు మట్టి ఎంత పడుతుంది, వంకర చేను విస్తీర్ణం ఎంత వస్తుంది, ఇలాంటి లెక్కలు పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. ఆయన సర్పంచిగా ఉన్న రోజుల్లో ఊరి రోడ్డుకు మట్టి లెక్క కట్టమని పిలిచారు. తర్వాత ఆయన మండలాధ్యక్షులయ్యారు, రెండుసార్లు శాసనసభకు వెళ్లారు. నేను ఆయన పక్కనే ఉండిపోయాను.

ఆయన ఏం చేశారని ఎవరైనా అడిగితే జనం వంతెనలు, మంచినీళ్ల ట్యాంకులు చూపిస్తారు. వాటి మీద శిలాఫలకాలున్నాయి. నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం కాలువ గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో ఆయన కూర్చున్న తీరు.

ఆ ఏడు గోదావరిలో నీళ్లు తక్కువ. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్ల వంతులు పెట్టారు. మూడు రోజులు ఎగువ ఊళ్లకు, మూడు రోజులు సముద్రం వైపున్న శివారు ఊళ్లకు. శివారు వంతు నడిచేటప్పుడు ఎగువ తూముల తలుపులన్నీ దించేయాలి. ఎమ్మెల్యే గారి సొంత ఊరు ఎగువది.

ఒక ఉదయం శివారు రైతు ఒకాయన తెంపిన వరి కంకితో వచ్చాడు. గింజను గోటితో నొక్కి చూపించాడు.

“చూడండి బాబూ, పాలు పోసుకోవాల్సిన టైము. నొక్కితే తడి కూడా రావట్లేదు. రెండు వంతులు పోయాయండి, మాదాకా చుక్క రాలేదు.”

ఎమ్మెల్యే గారు కాలువల ఇంజనీరుకు ఫోన్ చేశారు. “మేం దించుతూనే ఉన్నామండి,” అన్నాడాయన నెమ్మదిగా. “మీ ఊరి తూమే ఎత్తేస్తున్నారు. కాలువ కాపలాకున్న లస్కరు ఒక్కడు ఎంతమందిని ఆపుతాడండి?”

ఆయన ఫోను పక్కన పెట్టి నా వైపు తిరిగారు. “ఈ పూట నుంచి పారితే శివారుకి ఎప్పటికి చేరతాయి మాస్టారూ?”

అంతకుముందే నేను కాలువలో కొబ్బరి డొక్క వదిలి, వంతెన నుంచి వంతెన దాకా దాని పక్కనే నడిచి వేగం కట్టి ఉంచాను. ఎండిన కాలువ కాబట్టి అందులో సగమే వేసుకున్నాను. “ఎల్లుండి మధ్యాహ్నానికండి. మధ్యలో మీ ఊరు తాగకపోతే.”

“పోలీసుల్ని పెట్టిస్తారా అండి?” అని ఆ రైతు అడిగాడు.

“మావాళ్ల మీద పోలీసుల్ని పెడితే మనవల దాకా చెప్పుకుంటారు. తూము దగ్గర నేనే కూర్చుంటాను.”

అలా కూర్చున్నారు. రాత్రిళ్లు శివారు రైతులు వచ్చి కాపలా పడుకునేవారు. పగలు వాళ్లకు పనులుంటాయి కనుక పగటి కాపలా ఆయనది, తోడు నేను.

మొదటి రోజే ఆయనకు వరసకు కొడుకయ్యేవాడు ఒకడు సైకిల్‌కి గునపం కట్టుకుని వచ్చాడు. ఆయన్ని చూసి ఆగిపోయాడు.

“ఏంటి బాబాయ్, ఇక్కడ కూర్చున్నారు?”

“గాలి బాగుందిరా. గునపం దేనికి?”

“కొబ్బరికాయలు ఒలుద్దామనండి.”

“మంచిది. నాలుగు ఒలిచి పట్రా, మాస్టారూ నేనూ నములుతాం.”

వాడు నిజంగానే వెళ్లి తెచ్చాడు. తేకపోతే బాగోదు మరి.

గునపంతో కాదని తెలిశాక ఊరివాళ్లు భోజనంతో మొదలుపెట్టారు. మా ఇంటికి రండి, బొమ్మిడాయిల పులుసు పెట్టించాం అని ఒకరు. కాళ్లు కడుక్కుని రెండు ముద్దలు తిని వద్దురు గాని అని ఇంకొకరు. ఆయన లేచి వెళ్తే వెనకాల తూము తలుపు లేస్తుందని అందరికీ తెలుసు. “లేవలేనురా, మోకాళ్లు పట్టేశాయి,” అనేవారు. సొంత ఊళ్లో ఊరి మనిషి ఆకలితో గట్టు మీద ఉన్నాడంటే అది ఊరందరికీ పరువు తక్కువ. చివరికి తూము ఎవరికి కావాలో వాళ్లే కేరేజీలు మోసుకొచ్చారు. ఆ రోజు నాలుగిళ్ల కూరలు తిన్నాం.

రెండో రోజు ఆయన వదిన గారు ఆటోలో వచ్చారు. అన్నగారు పోయాక ఆవిడే వ్యవసాయం చేయించుకుంటున్నారు. ఆవిడ చేను సరిగ్గా ఆ తూము కిందే. ఆ ఏడు వరి ఊడ్పు ఆలస్యమై, పైరుకు ఇంకా నీళ్లు కావాలి.

“ఇంటికొస్తే వేడిగా వడ్డించేదాన్నిగా మరిదిగారూ,” అంటూ ఆకు వేశారు.

“ఇక్కడా వేడిగానే ఉంది వదినా.”

“ఎండకి ఉంటుంది లెండి. ఊరంతా కలిసి గెలిపించుకుంటే, ఇంటి మనిషే తూముకి అడ్డం కూర్చుంటాడనుకోలేదు.”

“మీ వంతు ఎల్లుండి తెల్లారి మొదలవుతుంది.”

ఆవిడ నా వైపు తిరిగారు. “ఎల్లుండి దాకా నా చేను ఆగుతుందా మాస్టారూ? మీరు లెక్కలు కడతారుగా.”

గట్టు మీంచి చేను కనిపిస్తూనే ఉంది. మెరక మీద నెర్రెలు వేలు దూరేంత ఉన్నాయి. “పల్లంలో ఉన్న సగం ఆగుతుందండి,” అన్నాను.

“విన్నారా?” అన్నారావిడ.

ఆయన చేయి అన్నంలోనే ఆగింది. “విన్నాను వదినా. వాళ్లు రెండు వంతులుగా ఆగారు.”

ఆవిడ పెరుగు వేసి, కేరేజీ సర్దుకుని, ఒకసారి చేను వైపు చూసి ఆటో ఎక్కారు. నేను వేరే మాట చెప్పి ఉండాల్సిందా అని నాలో నేను అనుకున్నాను కానీ, నెర్రెలు నెర్రెలే.

మూడో రోజు ఒక్క కేరేజీ రాలేదు. ఎవరూ పెట్టొద్దని రామాలయం దగ్గర అనుకున్నారని లస్కరు చెప్పాడు. ఆకలికి ఆయనే లేస్తారని వాళ్ల లెక్క. మధ్యాహ్నం దాటింది. నా లెక్క ప్రకారం శివారుకు నీళ్లు చేరాలి. ఫోను మోగలేదు. “ఎండిన కాలువ చాలా తాగుతుందండి, సాయంత్రం అవుతుంది,” అని ఇంజనీరు ముందే చెప్పాడు.

అప్పుడు గట్టు మీద ఆటో కనిపించింది.

“పెట్టొద్దనుకున్నారంట కదా వదినా?” అన్నారాయన.

“నేను మీటింగుకి వెళ్లలేదు. నాకెలా తెలుస్తుంది? కూర్చోండి. మీరు లేచే మనిషి కాదుగా.”

ఆయన తింటుండగా ఫోను మోగింది. శివారు రైతు మాటలు చెప్పకుండా, “వినండి బాబూ,” అని ఫోను చేలోకి పారే బోదె దగ్గర పెట్టాడు. స్పీకరులోంచి నీళ్లు దూకుతున్న చప్పుడు వచ్చింది. ఆవిడ గరిటె పట్టుకునే విన్నారు. “ముందు ఎవరి చేలోకి వెళ్లాయో అడగండి,” అన్నారు. అడిగాం. మెరక చేనుకే ముందు పెట్టామని చెప్పాడు. “అదే మంచిపని,” అని చారు పోశారు.

మర్నాడు తెల్లారి తూము ఎత్తారు. ఆవిడ చేలో పల్లం సగమే పండింది.

తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. బూత్‌లవారీ ఓట్ల లెక్క నేనే చూశాను. శివారులో పెరిగినవి సొంత ఊళ్లో తగ్గినవాటికి సరిపోలేదు. “వదిన బూత్‌లో?” అని అడిగారు. “బాగా తగ్గాయండి.” “ఆవిడది మాత్రం నాకే పడింది,” అన్నారాయన. అది ఏ లెక్కతో తేల్చారని నేను అడగలేదు.

ఓడిన తర్వాతి దాళ్వాలో మేమిద్దరం ఆవిడ ఇంటికి భోజనానికి వెళ్లాం. పెరుగు వేస్తూ ఆవిడ అన్నారు: “ఈ ఏడు అందరికంటే ముందే ఊడ్పించేశాను మరిదిగారూ. వంతులొస్తే మళ్లీ వెళ్లి కూర్చోండి.”