గాజుల దౌలత్‌బీ నవ్వు

తిరువూరు బజారులో దౌలత్‌బీ చేత గాజులు తొడిగించుకోని ఆడమనిషి ఆ రోజుల్లో అరుదు. ఎంత బిగువు గాజునైనా చెయ్యి నొక్కీ నొక్కనట్టు పట్టుకుని, కబుర్లలో పెట్టి, నొప్పి తెలిసేలోగా మణికట్టు దాటించేది. కొట్టు కట్టేసిన రోజుల్లో గాజుల సరాలు గుత్తిగా కట్టిన మలారం భుజాన వేసుకుని బస్సెక్కి గంపలగూడెం వైపు ఊళ్లు తిరిగేది. భర్త పోయాక ఆ మలారంతోనే కొడుకు చాంద్‌బాషాను పెంచి లారీ డ్రైవరును చేసింది, పెళ్లీ చేసింది.

వయసు యాభై దాటాక, పంతొమ్మిది వందల డెబ్బై మూడులో కాబోలు, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటే బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే రాసుకోవడం మొదలైంది. చూసినవాళ్లు పూసలు తిప్పుతూ అల్లాను తలుచుకుంటోందనుకున్నారు. గాజు చేతిలోకి తీసుకోగానే వణుకు సద్దుమణిగేది కాబట్టి ఆమె కూడా పట్టించుకోలేదు. తర్వాత నడక మందగించింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. కోడలు మహబూబీ దిష్టి అనుకుని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది.

ఆ మరుసటేడు పెనుగొలనులో హనుమాయమ్మ కూతురు ప్రేమావతికి సీమంతం. గాజులు తొడగడానికి దౌలత్‌బీనే పిలిచారు. ఆ పిల్లకు ఉగ్గు తాగే వయసు నుంచీ తొడిగిన చెయ్యి మరి. తొడుగుతున్నంతసేపూ దౌలత్‌బీ కడుపు నిండా సంతోషంగానే ఉంది. మొహం మాత్రం రాతిలో చెక్కినట్టుంది. పేరంటాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. హనుమాయమ్మ ఇక ఆగలేకపోయింది.

“శుభమా అని పిలిస్తే ఆ మొహమేంటి దౌలత్‌బీ, చావింటికొచ్చినట్టు? నీ కోడలికింకా కడుపు పండలేదని నా బిడ్డని చూసి కుళ్లుకుంటున్నావా?”

“అయ్యో, అదేం మాటమ్మా!” అంది దౌలత్‌బీ. ఆ మాట కూడా ఈమధ్య పీలగా, ఒకే గొంతుతో వస్తోంది. ఎవరూ నమ్మలేదు.

ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుని నవ్వింది. నవ్వాననే అనుకుంది. అద్దంలో మనిషి నవ్వలేదు. అప్పుడు భయమేసింది.

చాంద్‌బాషా ఆమెను బెజవాడలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ఆమెను వరండాలో అటూ ఇటూ నడిపించాడు. ఎడమచెయ్యి నడకతో పాటు ఊగుతోంది, కుడిచెయ్యి కట్టేసినట్టు పక్కనే ఉండిపోయింది. వేళ్లు గబగబా తట్టమంటే నాలుగోసారికే వేగం చచ్చిపోయింది.

“ఈమధ్య మా అమ్మ అసలు నవ్వదండీ,” అన్నాడు చాంద్‌బాషా.

“ఆవిడ నవ్వుతూనే ఉండుంటుందయ్యా. మొహంలో కండలు బిగుసుకుపోయాయి, పైకి కనపడదు. దీన్ని పార్కిన్సన్ జబ్బంటారు. మెదడులో ఉండాల్సిన పదార్థమొకటి తగ్గిపోతోంది. పక్షవాతం కాదు, పిచ్చి కాదు. పూర్తిగా నయం కాదు గానీ అదుపులో పెట్టుకోవచ్చు. ఈమధ్యే కొత్త మందొచ్చింది. వేళ తప్పకూడదు, నన్నడక్కుండా మానెయ్యకూడదు.”

నయం కాదన్న మాట కొడుకును కుంగదీసింది. దౌలత్‌బీకి మాత్రం ముందు మాటే చెవిన పడింది. నవ్వుతూనే ఉండుంటుందట! కళ్లనీళ్లు పెట్టుకుంది.

మొదట్లో మాత్ర వేసుకోగానే కడుపులో తిప్పేది. మానేస్తానని మారాం చేసింది. డాక్టరు మోతాదు తగ్గించి, మెల్లగా పెంచాడు. నెల తిరిగేసరికి చెయ్యి కాస్త సాగింది. మాత్ర పనిచేసే వేళేదో, దాని సత్తువ అయిపోయే వేళేదో ఆమెకే తెలిసొచ్చింది. బిగువు గాజులు ఆ మంచి వేళకే ఉంచుకునేది. గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోతే మహబూబీ తన పాదం అడ్డంగా పెట్టేది. దాన్ని దాటబోయి అత్త అడుగు ఎత్తేది. చెయ్యి పట్టి లాగితే పడిపోబోయేది. ఇలా అయితే కదులుతుందని ఒకసారి పొరపాటున కాలు అడ్డమొచ్చినప్పుడు తెలిసింది.

ఒకరోజు హనుమాయమ్మ కూతుర్నీ మనవణ్ణీ వెంటబెట్టుకుని తిరువూరు వచ్చి, కొట్టు ముందు నుంచి మొహం తిప్పుకుని పోబోయింది. దౌలత్‌బీయే పిలిచింది.

“హనుమాయమ్మగారూ, ఆ రోజు నేను సంతోషంగానే ఉన్నా. నా మొహానికి జబ్బు చేసిందంట. నవ్వు లోపలే ఉండిపోతోంది. బెజవాడ డాక్టరు చెప్పాడు.”

హనుమాయమ్మ ఆమె మొహంలోకి చూసింది. “జబ్బని నాకేం తెలుసే?” అంటూ బల్ల మీద కూర్చుని చెయ్యి చాపింది. “సరే, వెయ్యి.”

“ఇప్పుడు కాదమ్మా. మాత్ర ఇప్పుడే మింగా. అది పనిచెయ్యడానికి అరగంట పడుతుంది. ఈలోగా పిల్లాణ్ణి ఇటివ్వు.”

కూర్చున్నారు. తర్వాత ఆకుపచ్చ గాజులు తొడిగింది. ఒకటి చిట్లింది. హనుమాయమ్మ ముక్కలు దులుపుకుని మళ్లీ చెయ్యి చాపింది.

డెబ్బై ఎనిమిది నాటికి ఎడమచేతికీ వణుకు పాకింది. ఊళ్లు తిరగడం మహబూబీ అందుకుంది. దౌలత్‌బీ కొట్లో కూర్చుని, వచ్చినవాళ్ల మణికట్టు చూసి సైజు చెప్పేది. కొత్తవాళ్లెవరైనా ఆమె మొహం చూసి జంకితే బజారులోవాళ్లే ముందుగా చెప్పేవారు, “ఆవిడ కోపంగా లేదమ్మా, కూర్చో” అని.