వెనక సీటు చప్పుడు

మావయ్య ఎక్కాడంటే ఎంత మంచి కారుకైనా ఏదో ఒక రోగం బయటపడాల్సిందే. అది మావయ్య తప్పు కాదు, చెవుల తప్పు. ఉద్యోగం చేసినన్నాళ్లూ లిఫ్టులు తనిఖీ చేసి, పై అంతస్తులో ఏ కప్పీ మూలుగుతోందో కింద నిలబడి చెప్పిన మనిషి. రిటైరయ్యాక లిఫ్టులు పోయాయి గానీ చెవులు పోలేదు. వాటికీ కాలక్షేపం కావాలి కదా, కారు కొన్నాడు.

కొనడం కూడా ఆషామాషీగా కొనలేదు. ఏ కంపెనీ బండ్లు తక్కువ మొరాయిస్తాయో ఏటా వాకబు చేసి ర్యాంకులు ఇచ్చే పత్రిక ఒకటి ఉంది. అందులో ఫస్టు వచ్చిన కంపెనీ కారే కొన్నాడు. కొన్న వారానికే సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాడు.

"ఏంటి సార్ ప్రాబ్లం?" అన్నాడు మెకానిక్.

"వైపరు ఎడమకి వెళ్లేటప్పుడు సర్రుమంటోంది, కుడికి వచ్చేటప్పుడు సుర్రుమంటోంది."

"అన్ని కార్లకీ అంతే సార్."

"అన్ని కార్లకీ ఫస్టు ర్యాంకు రాలేదుగా."

మరోసారి సీటు బెల్టు గంట మీద పడ్డాడు. బెల్టు పెట్టుకోకపోతే మోగడం దాని ధర్మమే, కాదనలేదు. కానీ అది మర్యాదగా మోగడం లేదట. "నన్ను ఒరేయ్ అని పిలిచినట్టుంది" అన్నాడు. ఆ తర్వాత మావయ్య కారు గేటు దగ్గర కనబడితే చాలు, సర్వీసు సెంటర్లో పొద్దున పదింటికే అందరికీ భోజనాల వేళ అయిపోయేది.

పక్కింటి బ్యాంకు మేనేజరు గారిది అదే పత్రికలో అట్టడుగున ఉన్న కంపెనీ కారు. దానికి డ్రైవరు వైపు తలుపు తెరుచుకోదు. ఆయన అవతలి వైపు నుంచి ఎక్కి, గేరు మీదుగా పాక్కుంటూ వచ్చి, సీట్లో కుదురుకున్నాక టై సరిచేసుకుంటాడు.

"కారు ఎలా ఉందండీ?" అని అడిగితే, "బంగారం. ఒక్క కంప్లయింటు లేదు" అంటాడు.

"మరి ఆ తలుపో?"

"అది దాని అలవాటు లెండి."

ఆ మాట వింటే మావయ్యకు ఒళ్లు మండేది. "పెళ్లాంతో సర్దుకుపోయినట్టు కారుతో సర్దుకుపోతే ఎలా?" అనేవాడు. అత్తయ్య కాఫీ గ్లాసు ఠంగుమని బల్ల మీద పెట్టేది. "ఆ గ్లాసు అడుగు సమంగా లేదు, విన్నావా?" అనేవాడు మావయ్య.

కారు ఎలా ఉందో కనుక్కోవడానికి ఒకసారి కంపెనీ నుంచి ఓ అమ్మాయి ఫోన్ చేసింది.

"పదికి ఎన్ని మార్కులు వేస్తారు సార్?"

"తొమ్మిదిన్నర."

"అర మార్కులు లేవు సార్. తొమ్మిదా, పదా?"

"అర లేని చోట న్యాయం ఎక్కడుంటుందమ్మా?"

చాలాసేపు వాదన నడిచింది. చివరికి మావయ్య మార్కుల సంగతి వదిలేసి, ఆ అమ్మాయి చెవికి తగిలించుకున్న ఫోనులో గరగర వస్తోందని కనిపెట్టాడు. ఆ అమ్మాయి కొత్తది తెచ్చుకుంటానని చెప్పి బయటపడింది.

మావయ్య చెవులకు పని పెట్టనిది ఒక్క మేనకోడలే. కారణం, ఆమె కారు నడపదు. రాక కాదు, లైసెన్సు ఉంది. ఆ మధ్య కారు వెనక్కి తీస్తూ గోడకు గుద్దింది. గోడకు ఏమీ కాలేదు, కారుకు చిన్న సొట్ట పడింది, ఆమె ధైర్యం మాత్రం మొత్తం పోయింది. అప్పటి నుంచి స్టీరింగు పట్టుకుంటే చేతులు వణికేవి. ఆమె ఫిజియోథెరపిస్టు. పడి లేవలేని వాళ్లను లేపి నడిపించడమే ఆమె వృత్తి. తన దాకా వచ్చేసరికి మాత్రం బస్సు ఎక్కేది.

ఒకరోజు ఆమె దిగాలుగా వచ్చి అత్తయ్య పక్కన కూలబడింది. ఊరి శివార్లలో మంచాన పడ్డవాళ్ల ఇళ్లకే వెళ్లి వైద్యం చేసే పని ఆమెకిస్తామని ఆసుపత్రి వాళ్లు అన్నారు. ఎన్నాళ్లుగానో ఆమె కోరుకున్న పని. కానీ అటు బస్సులు లేవు. ఆసుపత్రి కారు ఇస్తుంది, ఆమే నడుపుకోవాలి. కుదరదంటే వేరేవాళ్లకు ఇచ్చేస్తారు.

"వద్దని చెప్పేస్తాను అత్తయ్యా" అంది, కళ్లు తుడుచుకుంటూ.

మావయ్య పక్క గదిలో పేపరు చదువుతున్నాడు. కాసేపటికి కారు తాళాలతో బయటికొచ్చాడు.

"అమ్మడూ, మన కారులో కొత్త చప్పుడొకటి మొదలైంది. వెనక చక్రం దగ్గర. ముందు కూర్చుంటే వినబడి చావదు. నేను వెనక కూర్చుని వింటాను, నువ్వు కాస్త నడిపిపెట్టు."

"నేనా? పక్కింటాయన్ని అడుగు మావయ్యా."

"ఆయన డ్రైవరు తలుపులోంచి ఎక్కడం ఎప్పుడో మర్చిపోయాడు. వీధి చివరిదాకా, అంతే."

వీధి చివరిదాకా వెళ్లడానికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. మావయ్య వెనక సీటుకు చెవి ఆనించి, "నెమ్మదిగా... ఆ, ఇప్పుడే ఆగిపోయింది. మళ్లీ తిప్పు" అన్నాడు. మర్నాడు ఆ చప్పుడు మలుపుల దగ్గరే వచ్చింది. ఆ మర్నాడు బండ్ల రద్దీలో తప్ప రానంది. ఆ తర్వాత కారును వెనక్కి తీస్తే గానీ వినబడలేదు.

"వెనక గోడుంది మావయ్యా."

"గోడ ఎక్కడికీ పోదు. చప్పుడే పోతుంది. తీయి."

ఆమె రివర్సు గేరు వేసింది. తీసింది. గోడకు జానెడు ఇవతల కారు ఆగింది.

"వినబడిందా?"

"నీ పళ్లు టకటకలాడుతుంటే ఏం వినబడుతుంది? మళ్లీ తీయి."

ఆమెకు ఎంత కోపం వచ్చిందంటే, భయపడడానికి తీరిక లేకపోయింది.

ఆసుపత్రికి జవాబు చెప్పాల్సిన రోజుకు ముందు రోజు, ఈసారి చప్పుడు ఖాళీ రోడ్డు మీద వస్తుందన్నాడు మావయ్య. శివార్ల వైపు బయలుదేరారు. చాలా దూరం వెళ్లాక, వెనక నుంచి ఎంతకీ "ఆగు", "తిప్పు" వినబడకపోయేసరికి ఆమె అద్దంలో చూసింది.

మావయ్య బెల్టు పెట్టుకుని, నోరు తెరుచుకుని, హాయిగా నిద్రపోతున్నాడు.

రైల్లో కూడా చక్రాల చప్పుడు వింటూ తెల్లార్లూ కూర్చునే మనిషి. ఆమెకు తెలిసి ఏ బండిలోనూ కన్ను మూసి ఎరగడు. తను పక్క గదిలోకి వినబడేలా ఏడవలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ చెవులకు గోడ ఒక లెక్కా? మావయ్య మీద ఎక్కడలేని ప్రేమ ముంచుకొచ్చింది. ఆగి ఏడుద్దామంటే ఆయనకు మెలకువ వచ్చేస్తుంది. అందుకని గుంతలు తప్పిస్తూ, మెల్లగా తిప్పుకుని ఇంటికొచ్చి, మేనేజరు గారి కారుకూ గోడకూ మధ్య వెనక్కి తీసి పెట్టింది. చేతులు వణకలేదు.

"వినబడిందా మావయ్యా?"

మావయ్య ఉలిక్కిపడి లేచాడు. "ఆ, వినబడింది. గుర్రుమంటూ."

"అది నీ గురక. చప్పుడు అసలు మొదటి నుంచీ లేదు కదూ?"

"ఫస్టు ర్యాంకు కారులో చప్పుడేంటే?" అన్నాడు, మొదటిసారి తన కారును వెనకేసుకొస్తూ.

"సరే, నా డ్రైవింగుకు పదికి ఎన్ని మార్కులు?"

"తొమ్మిదిన్నర. మలుపు దగ్గర ఒకసారి మెలకువ వచ్చింది."

ఆమె శివార్ల పనికి ఒప్పుకుంది. కొన్నాళ్లకు సొంతంగా కారు కూడా కొనుక్కుంది. కొన్న వారానికే మావయ్యకు ఫోన్ చేసింది.

"మావయ్యా, నా కారులో ఏదో చప్పుడు వస్తోంది."

మావయ్య గొంతులో ఉత్సాహం వచ్చింది. "ఎక్కడ?"

"వెనక సీట్లో కూర్చుంటేనే వినబడేలా ఉంది. అదీ చాలా దూరం వెళ్తే గానీ రాదు. రేపు నాకు సెలవు, అత్తయ్యను కూడా తీసుకురా."

ఆ చెవులు ఫోనులోంచి ఆమె నవ్వును పట్టుకునే ఉంటాయి.

"దిండు తెచ్చుకోనా?" అన్నాడు మావయ్య.