తెర వెనక బెంచీలు

1946 వేసవి చివర మా కంపెనీ నన్ను మద్రాసు నుంచి బెంగుళూరు శాఖకు బదిలీ చేసింది. నా హోదా సౌండు సర్వీసు ఇంజనీరు. పేరు ఘనమే గాని, పని మాత్రం టాకీ హాళ్ళు తిరిగి మాట సరిగా వినిపిస్తోందో లేదో చూడటం. ఫిల్ము అంచున ధ్వని ఒక సన్నటి చారగా ఉంటుంది. ప్రొజెక్టరులోని చిన్న దీపం వెలుగు దాని గుండా పోయి, విద్యుత్తుగా మారి, యాంప్లిఫయరులో బలం పుంజుకుని, తెర వెనక నిలబెట్టిన హారను అనే పెద్ద స్పీకరులోంచి మాటగా బయటికి వస్తుంది. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా ప్రేక్షకులు ఆపరేటరును తిడతారు, ఆపరేటరు నన్ను తిడతాడు.

వచ్చీ రాగానే బళేపేట పక్క సందులో ఉన్న ఒక పాత హాలు నా నెత్తిన పడింది. మూగ సినిమాల కాలంలో కట్టింది. అప్పట్లో ఆదివారం వస్తే ఆ సందులో జట్కా కదిలేది కాదట. నేను వెళ్ళేసరికి ముందు కుర్చీలు నల్లుల పాలయ్యాయి. మాట అర్థం కావడం లేదని జనం కొత్త హాళ్ళకు మళ్ళారు. మా సర్టిఫికెట్టు చూపిస్తేగాని కొత్త చిత్రాలు ఇవ్వబోమని పంపిణీదారులు తేల్చేశారు. అది రాకపోతే హాలును పొగాకు గోడౌనుకు ఇచ్చేయడమే. వ్యాపారి అప్పటికే రెండుసార్లు వచ్చి గోడలు తట్టి చూసుకుని పోయాడు.

యజమానురాలు గౌరమ్మ గారు. భర్త పోయాక గేటు దగ్గర కుర్చీ వేసుకుని హాలు తానే నడుపుతున్న మనిషి. నన్ను చూసి నమస్కారం కూడా పెట్టనివ్వలేదు.

“ఏమప్పా, నువ్వేనా ఇంజినీరు? మిషను బాగానే ఉండాది. మాటకే ఏదో దయ్యం పట్టిండాది. ఉన్నదున్నట్టు చెప్పు, సుమ్మనే ఊరికే నన్ను తిప్పొద్దు.”

మా పద్ధతి ప్రకారం ఖాళీ హాలులో టెస్టు రీలు వేశాను. యంత్రంలో లోపం లేదు. తరువాత హాలు మధ్య నిలబడి చప్పట్లు కొట్టాను. ఒక్కసారి కొడితే రెండుసార్లు వినిపించింది. ఇదేమిటా అని తెర పక్కనుంచి తొంగి చూస్తే, అమ్మ బాబోయ్, అవతల ఇంకో సగం హాలు ఉంది!

ఆ రోజుల్లో తెరను హాలు నడుమ కట్టేవారు. ఆట మొదలయ్యే ముందు దాన్ని నీళ్ళతో తడిపితే బొమ్మ రెండు వైపులా కనబడేది. వెనక వైపు తక్కువ టికెట్టు. బొమ్మలో కుడి ఎడమలు తారుమారుగా ఉన్నా పేటలోని నేతవాళ్ళకు అదే సొంత చోటు. టాకీలు వచ్చి హారను నడిమధ్య అడ్డంగా నిలబడినా వాళ్ళు కదలలేదు. హారను ధ్వని కొంత వెనక్కి జారి, చివరి గోడకు తగిలి తిరిగొచ్చి, తరువాతి మాట మీద పడుతోంది. దయ్యం ఇదే.

తెర వెనక గోడ కడదామంటే సిమెంటుకు పర్మిట్టు కావాలి. తెరను చివరి గోడకు జరిపితే బొమ్మ మరీ పెద్దదై మసకబారుతుంది. దానికి వేరే కటకం విదేశం నుంచి రావాలి. యుద్ధం ముగిసినా అలాంటి సరుకు ఇంకా రావడం లేదు. మిగిలింది ఒకటే దారి. హారను వీపున మందపాటి జంపఖానాలు కట్టి, వెనక సగం మూసేయాలి. ఆ మాటే చెప్పాను.

ఆవిడ భగ్గుమంది. “ముందర కూసునేవాళ్ళు ఎప్పుడో పోయిరి. ఎనక కూసునేవాళ్ళే ఈ హాలును నిలబెట్టిండేది. వాళ్ళను లెయ్యమని నేను చెప్పను. నీ సర్టిఫికెట్టు నువ్వే పెట్టుకోప్పా!”

నాకూ ఒళ్ళు మండింది. లేవమని ఎవరన్నారు, అదే టికెట్టుకు ముందుకు రమ్మనండి అన్నాను. ఆవిడ చల్లబడి, షావుకార్ల కుర్చీల పక్కకు రావడం వాళ్ళకు నామోషీ అంది. అడిగితేనే కదా తెలిసేది అని నన్ను వెంటబెట్టుకుని నేతవీధికి బయలుదేరింది.

అక్కడి పెద్ద చౌడప్ప. మగ్గం గుంటలోంచి లేవకుండానే మొత్తం విన్నాడు. “మా బెంచీలు కూడా వస్తాయా తల్లీ? కుర్చీలో అయితే కాళ్ళు మడుచుకోను కాదు,” అన్నాడు. వస్తాయంది గౌరమ్మ గారు. “అట్లయితే ఏమి బేజారు? వస్తాం.” జంపఖానాలు కూడా వాళ్ళ ఇళ్ళనుంచే వచ్చాయి.

అవన్నీ కట్టి మళ్ళీ చప్పట్లు కొట్టాను. మోత తగ్గింది గాని పోలేదు. నిబంధన ప్రకారం హాలు ఇంకా పరీక్ష తప్పినట్టే. పుస్తకంలో ఆ మాటే రాసుకున్నాను. గౌరమ్మ గారు మాత్రం గేటు దగ్గర నిలబడి, “ఖాళీ హాలులో ఖాళీ మోతే కదప్పా వినబడేది?” అని గొణిగింది.

ఆవిడ ఉడుకుమోత్తనంతో అన్న మాటే గాని, మా శాస్త్రం చెప్పేదీ అదే. మనిషి ఒళ్ళు, కట్టిన బట్ట ధ్వనిని పీల్చుకుంటాయి. జనం తగ్గేకొద్దీ హాలు మోగింది, మోగేకొద్దీ జనం తగ్గారు. జనంతో పరీక్షిస్తానని మా పెద్ద ఇంజనీరును అడిగాను. సణుగుతూనే ఒప్పుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నేతవీధి మొత్తం తరలివచ్చింది, బెంచీలు ముందు వరసలో పడ్డాయి. టెస్టు రీలులో ఒక గొంతు విడివిడి మాటలు పలుకుతుంది. కూర్చున్నవాళ్ళు విన్నది విన్నట్టు నాకు తిరిగి చెప్పాలి. చౌడప్ప ఒక్కటీ తప్పలేదు. తరువాత అక్కడున్న పాత చిత్రమే ఒక రీలు వేయించాను. కథానాయకుడు కత్తి దూశాడో లేదో చౌడప్ప లేచి నిలబడ్డాడు.

“ఓరి నీ! ఇన్నేండ్లూ వీడు ఎడమచేతివాటం అనుకుంటిని కదప్పా!”

హాలంతా గొల్లుమంది. నేను మధ్య వరసలో చెవి ఒగ్గి నిలబడి ఉన్నాను. ఆ నవ్వు ఒక్కసారే వినిపించింది.

గోడో కటకమో సమకూరేదాకా చెల్లుతుందని షరతు రాసి ఆ సాయంత్రమే సర్టిఫికెట్టుపై సంతకం చేశాను. సున్నం వేయించడానికి గౌరమ్మ గారు మనుషులను మాట్లాడేసింది. పొగాకు వ్యాపారి మళ్ళీ వస్తే టికెట్టు కొనుక్కుని లోపలికి రమ్మందట.

ఆ తరువాత ఉద్యోగం ఉన్నంతకాలం ఏ హాలునూ ఖాళీగా ఉన్నప్పుడు విని పరీక్ష తప్పిందని రాయలేదు. ఖాళీ హాలులో పరీక్షిస్తే గోడల సంగతి తెలుస్తుంది, హాలు సంగతి తెలియదు.