కొట్టం గుమ్మంలో అట్లాంటిక్

మా తాత ఒట్మార్ జీవితమంతా ఇళ్ల కప్పుల మీద పెంకులు పరిచాడు. అంత ఎత్తున కూర్చున్నవాడికి ప్రపంచమంతా కనిపిస్తుందని ఆయన నమ్మకం. అందుకే ఏ దేశంలో ఎన్నిక జరిగినా, జర్మనీలోని మా వైడెన్‌బాఖ్ ఊరి బీరుకొట్టులో మూలబల్ల దగ్గర తీర్పు చెప్పేది ఆయనే. ఆ బల్ల దగ్గర బయటివాళ్లు కూర్చోకూడదు. కూర్చునే హక్కున్న ఒకే ఒక్క అమెరికావాడు డెల్‌బర్ట్. పక్కనున్న అమెరికా సైనిక స్థావరంలో విమానాలు బాగుచేసేవాడు. మా ఊరి పిల్లను పెళ్లాడాడు, ఉద్యోగం అయిపోయినా ఇక్కడే ఉండిపోయాడు.

నవంబరులో అమెరికా ఎన్నికల ఫలితం వచ్చింది. గెలిచినాయన సైనికుల్ని వెనక్కి పిలిపిస్తాడని, ఐరోపాతో తెగతెంపులేనని ఊరంతా గుసగుసలు. అమెరికన్లకు ఇళ్లు అద్దెకిచ్చినవాళ్ల ముఖాలు వాడిపోయాయి. మా తాతకు కోపం నషాళానికంటింది. అయితే ఆ కోపం సముద్రం దాటి పోలేదు, ఎదురు కుర్చీ దగ్గరే ఆగింది.

"నువ్వు ఎవరికి వేశావురా?" అని నిలదీశాడు.

"చెప్పను. ఓటు రహస్యం" అన్నాడు డెల్‌బర్ట్.

"నాక్కూడానా?"

"మా ఆవిడకే చెప్పలేదు. నువ్వేమన్నా ఆవిడకంటే అందగత్తెవా?"

బల్లంతా గొల్లుమంది. తాత సగం బీరు వదిలేసి లేచొచ్చేశాడు. మా ఊళ్లో బీరు వదిలేయడమంటే రాయబారిని వెనక్కి పిలిచినట్టే. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

చిక్కు ఫిబ్రవరిలో వచ్చింది. అప్పుడు మాకు కార్నివాల్ పండగ. సోమవారం ఊరేగింపులో బళ్ల మీద అట్టబొమ్మలు పెట్టి నాయకుల్ని ఏకిపారేస్తాం. బొమ్మలు చేసేది తాత. ట్రాక్టరుతో బండి లాగేది ఎప్పుడూ డెల్‌బర్టే, ఎందుకంటే ఆ రోజు చుక్క ముట్టని మగాడు ఊళ్లో అతనొక్కడే. చూపు మందగించి తాత లైసెన్సు పోయింది. డెల్‌బర్ట్ రాకపోతే బండి కదలదు. పిలవాలంటే తాతకు పౌరుషం. బండి లేకుండా కార్నివాల్ గడపాలంటే మాత్రం ప్రాణం పోయినట్టే.

అయినా మొండిగా బొమ్మలు కట్టాడు. బండి ఎడమ అంచున పెట్టె సర్దుకున్న అమెరికా గద్ద. కుడి అంచున రాత్రిటోపీ పెట్టుకుని ఏడుస్తున్న మా జర్మన్ మిషెల్, అంటే కార్టూన్లలో మా దేశానికి గుర్తుగా గీసే అమాయకుడు. మధ్యలో నీలం రంగు అట్లాంటిక్. రేడియోలో వార్తలు విన్నప్పుడల్లా "ఇంకా దూరమయ్యారు!" అంటూ సముద్రానికి ఒక పలక కలిపి బండి వెడల్పు పెంచేవాడు. ఆ ఏడాది వార్తలకు కొదవలేదు.

ఊరేగింపుకు ముందు గురువారం ఆడవాళ్ల రాజ్యం. ఆ రోజు మగవాళ్ల మెడలో టైలు కత్తిరించడం మా ఆచారం, ఆడవాళ్ల మాటే చట్టం. అమ్మమ్మ హెడ్విగ్ కత్తెర పట్టుకుని పొద్దున్నే బయల్దేరి, డెల్‌బర్ట్ టైని సగానికి కోసి, మిగిలిన ముక్క పట్టుకుని అతన్ని మా కొట్టానికి లాక్కొచ్చింది.

"బండి బయటికి తీయండి" అని హుకుం.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నెట్టారు. బండి గుమ్మం దాకా వచ్చి ధన్‌మని ఆగింది. భూగోళంలో రెండుసార్లు తప్పిన నాకే అర్థమైంది, ఆ సముద్రం ఆ గుమ్మంలో పట్టదని.

అమ్మమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "ఊరి కప్పులన్నీ కొలిచావు కదయ్యా, సొంత గుమ్మం కొలవలేదేం?"

"గోడ పగలగొడతా!"

"గోడ మా నాన్నది. సముద్రం నీది. కోసెయ్."

"అట్లాంటిక్‌నా? అసలు సంగతే అది కదే!"

"ఇవాళ నా రాజ్యం. నోర్మూసుకుని కొయ్."

గోడకు వేలాడుతున్నది రెండు పిడుల రంపం. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. తాత ఒక పిడి పట్టుకున్నాడు. కాసేపు తల గోక్కుని డెల్‌బర్ట్ రెండోది పట్టుకున్నాడు.

"నెట్టకు, లాగు!" అన్నాడు తాత. మూడు నెలల్లో మొదటి మాట.

"లాగుతూనే ఉన్నా. వదలాల్సింది నువ్వు!"

"నాకు నేర్పిస్తున్నావా?"

"ఎవరో ఒకరు నేర్పాలి కదరా, ముసలోడా!"

తిట్లతో పాటు రంపం కూడా ఊపందుకుంది. నీలం పొట్టు ఇద్దరి మీసాల నిండా పడింది. మధ్య పలకలు తీసేసి అంచులు దగ్గరికి జరిపి మేకులు కొడితే, గద్ద ముక్కు మిషెల్ చెవి దగ్గరికొచ్చి, ఏదో రహస్యం చెబుతున్నట్టు తయారైంది.

"ఛీ, ఇది రాజకీయ విమర్శ, ప్రేమలేఖ కాదు!" అని తాత నెత్తి కొట్టుకున్నాడు. అమ్మమ్మ, నేను నేలమీద కూలబడి నవ్వాం. డెల్‌బర్ట్ నవ్వాపుకోలేక ట్రాక్టరు చక్రం పట్టుకుని వేలాడాడు.

బండి గుమ్మం దాటింది. డెల్‌బర్ట్ చేతులు దులుపుకున్నాడు.

"సోమవారం ఎన్నింటికి రమ్మంటావ్?"

తాత మీసంలోని పొట్టు ఊదుకున్నాడు. "తొందరగా రా. చెవులకు ఏదైనా కట్టుకో, చలి."