ఐదు హల్లులూ ఒక మీసమూ

మా అమ్మాయి మా ఇంటి కోసం ఒక భాష కనిపెట్టింది. అందులో ఐదే హల్లులు. ‘క’ లేదు, ‘గ’ లేదు, ‘హ’ లేదు, ‘ర’ అసలే లేదు. నా పేరు ఆ భాషలో రాయడానికి కుదరదని తేలినప్పుడే నాకు ఒళ్ళు మండింది.

ఇదంతా మా ఆయన కోసం. భివండిలో, కనేరి పేట కార్ఖానాల్లో, పెళ్ళికి ముందు నుంచీ సాంచాలు నడుపుతున్న మనిషి. ఆ మరమగ్గాల మోతకు చెవులు మెల్లమెల్లగా పోయాయి. డాక్టరు రాసిన చెవి మిషన్ పెట్టుకుంటే కార్ఖానా మొత్తం తలలోకి వచ్చిందని తీసి డబ్బాలో పడేశాడు. తన గొంతు తనకు వినబడదు కాబట్టి ఏది చెప్పినా అరుపే. మా చాల్‌లో అన్నీ వరస గదులే, గదికీ గదికీ మధ్య రేకులు. ఒకసారి నా గర్భసంచి ఆపరేషన్ గురించి ఆయన అడిగిన ప్రశ్నకు పక్కగది ఆవిడ జవాబు చెప్పింది. మెల్లగా మాట్లాడమని ఇంటిల్లిపాదీ సైగలు చేశాం. ఆయన మెల్లగా మాట్లాడలేదు, మాట్లాడటమే మానేశాడు. హోలీ ముందు మూసిన నోరు గణపతి పండుగ వచ్చినా తెరవలేదు. మౌనంగా తిని లేచిపోయే మనిషితో కాపురం ఎలా ఉంటుందో నన్నడగండి. పోట్లాడుకోవడానికైనా అవతలి నుంచి ఒక మాట రావాలి కదా.

అమ్మాయి మరాఠీ మీడియంలో చదివి ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. దాని ఆలోచన సులువే. గొంతు లేకుండా, పెదవులతోనే మాట్లాడుకోవాలి. కార్ఖానాలో అందరూ చేసే పనే అది. ఆ మోతలో ఎవరి మాటా వినబడదు. ఎదుటివాడి నోరు చూసే పోగు తెగిందనీ, కండె అయిపోయిందనీ తెలుసుకుంటారు. కానీ ఇంట్లో కష్టసుఖాలు చెప్పుకోవడానికి తెలుగు పనికిరాదట.

“అమ్మా, ప, బ, మ మూడు ఒక్కతీర్గనే కనబడ్తయి. అందుకే ఒక్కటే ఉంచిన. క, గ గొంతుల పుడ్తయి, దిసతచ్ నాహీ, అస్సలే కనబడవు. అవి క్యాన్సిల్” అంది.

క్యాన్సిల్ కాగా మిగిలినవి ఇవి. ‘ప’, పెదవులు మూసి తెరిచేది. ‘వ’, పైపళ్ళు కింది పెదవి మీద ఆన్చేది. ‘త’కు నాలుక పళ్ళ మధ్యకు రావాలి, ‘ల’కు పైకి లేవాలి. ‘శ’ అంటే పెదవులు ముందుకు చాచాలి. ప్రతి మాటా ‘ప’తోనే మొదలవ్వాలి. మూసిన పెదవులు చూస్తే కొత్త మాట వస్తోందని తెలుస్తుందట. రాసేటప్పుడు ఒత్తులు లేవు, దీర్ఘాలు లేవు. పెదవులు ఎన్నిసార్లు కదిలితే అన్ని అక్షరాలు.

ఒత్తు మరిచినందుకు బళ్ళో గోడకుర్చీ వేసినదాన్ని నేను. ఇప్పుడు ఒత్తు పెట్టినందుకు నేను రాసిన మాటను కూతురు కొట్టేసింది. ఉప్పు ‘పల’. నీళ్ళు ‘పత’. అవ్వ, అంటే ఆయన తల్లి, ‘పవ’. ఉంది, ఉన్నాడు, ఉన్నాను, అన్నిటికీ కలిపి ‘పశ’. కండెలు చుడుతూ ఇవన్నీ వల్లె వేశాను. ఎక్కడ తప్పినా “అమ్మా, రూల్!” అని అరుస్తుంది. వంట నేనే చెయ్యాలి, కండెలు నేనే చుట్టాలి, పైగా రూలు.

మా అత్తమ్మ గోడకానుకుని అన్నీ చూసేది. “నాకు పండ్లే లేవు గదనే, ఆ రెండో అచ్చరం నాకెట్లొస్తది?” అని అడిగింది.

“నానమ్మా, నీకు నడ్వది” అంది మనవరాలు, జాలి లేకుండా. ముసలావిడ ముఖం తిప్పుకుంది.

మా ఆయన మాత్రం తొందరగానే పట్టేశాడు. నోళ్ళు చూసి అలవాటైన మనిషి. నేను పెదవులు కదిపితే నీళ్ళు అందించాడు, ఉప్పు అందించాడు. తర్వాత తనూ ఏదో చెప్పబోయాడు. అక్కడ కథ అడ్డం తిరిగింది. ఆయన మీసం పై పెదవిని మొత్తం కప్పేసి కింది పెదవి మీదకు వాలి ఉంటుంది. ‘ప’ అన్నా ‘వ’ అన్నా కదిలింది మీసమే. ఇంత వ్యాకరణం తయారుచేసిన పిల్లకు రోజూ చూసే తండ్రి మీసం గుర్తుకు రాలేదు!

“బాపు మీసం తీసెయ్యాలె” అంది చివరికి.

అత్తమ్మ లేచి కూర్చుంది. “నేను బతికుండంగనా?”

మాలో తల్లో తండ్రో పోతేనే మగవాడు మీసం తీస్తాడు. “మీ మామ పోయిన్నాడు తీసిండు. ఇగ నేను పోయిన్నాడు తీస్తడు. గప్పటిదాక ఆగుండ్రి” అంది. కొంచెం కత్తిరిద్దామన్నాను. సగం మీసం తీస్తే సగం చావంది.

ఆగాలట. పూటకు రెండు జొన్నరొట్టెలు అరిగించుకునే మనిషి ఆవిడ. నిండు నూరేళ్ళు ఉండాలి, కాదనను. అన్నాళ్ళూ నేను మీసంతో కాపురం చెయ్యాలా? ఆ కోపమంతా గిన్నెల మీద చూపించాను.

ఒక సెలవు రోజు పొద్దున అత్తమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. “గది తీస్తే నాతోని గూడ మాట్లాడుతడా?” అని అడిగింది.

“మాట్లాడుతడు అత్తమ్మా” అన్నాను.

“అయితే తియ్యమను. పోయేటిదాన్ని నేను గద, నాకు లేని బుగులు మీకెందుకు?”

ఆయన నిజాంపురా బజారులో సెలూన్‌కు వెళ్ళాడు. కుర్చీలోంచి లేస్తుండగా మనవాళ్ళెవరో చూశారు. చూసినవాళ్ళు ఏమీ అడగలేదు. నున్నటి పై పెదవిని చూశాక మాలో ఇంక అడిగేదేముంటుంది? ఫోన్లు వెళ్ళాయి. ఆయన నడిచి ఇల్లు చేరేలోపే చాల్ నిండిపోయింది. ఆడవాళ్ళు గడప దగ్గరే ఏడుపు అందుకున్నారు. “మొన్ననే గద పలకరించిన, మంచిగనే ఉండె!” అంటోంది ఒకామె. అత్తమ్మ స్నానానికి వెళ్ళింది. బతికే ఉందని నేను గొంతు చించుకున్నాను. ఆ ఏడుపుల్లో ఎవరికీ వినబడలేదు. ఒకావిడ నన్ను గట్టిగా పట్టుకుని “దుఃఖం లోపలనే పెట్టుకోకు బిడ్డా” అంది. దుఃఖం కాదు తల్లీ, చిరాకు!

అప్పుడే ఆయన వచ్చాడు. నున్నటి ముఖం, చేతిలో పాలపాకెట్. గడప ముందు ఏడుస్తున్న జనాన్ని చూశాడు. ఎవరో భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నారు. ఆయనకు వినబడలేదు. చెయ్యి పై పెదవి మీదకు పోయింది, పాలపాకెట్ కింద పడింది. తాను మీసం తీయించుకున్నాడు కాబట్టి తల్లి పోయిందనుకున్నాడు. జనం మధ్యలో నా కోసం వెతికాడు. నేను కనబడగానే పెదవులు మూసి తెరిచాడు, పళ్ళు కింది పెదవి మీద ఆన్చాడు.

పవ. అవ్వ?

ఇన్ని నెలల తర్వాత నా మొగుడు నాతో అన్న మొదటి మాట అది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. వణికే పెదవులను అతికష్టం మీద మూసి, తెరిచి, ముందుకు చాచాను. పశ. ఉంది. ఆయన నమ్మలేదు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను. అంత గోలలో మా ఇద్దరి మాట ఎవరికీ తెలియలేదు.

తడిజుట్టుతో బయటికొచ్చిన అత్తమ్మ “ఎవలు పోయిండ్రే?” అంది. ఏడుపులు టక్కున ఆగిపోయాయి. ఆవిడ జనాన్ని నెట్టుకుంటూ కొడుకు ముందుకు వెళ్ళి నిలబడింది. పెదవులు మూసి, తెరిచి, పళ్ళు లేని చిగుళ్ళతో ఏదో అడిగింది. రూళ్ళ ప్రకారం అది ఏ మాటా కాదు. అమ్మాయి సరిదిద్దబోతే నేను చెయ్యి పట్టి ఆపాను.

ఆయనకు అర్థమైంది. తల్లి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, పెదవులు మూసి, తెరిచి, ముందుకు చాచి జవాబు చెప్పాడు.

పశ. ఉన్న.