ఆరు రొయ్యల పెట్టెల బరువు

మొన్న చేపల బజారులో రొయ్యల పెట్టెలోంచి మంచునీళ్లు నా చెప్పుల్లోకి కారాయి. కాలివేళ్లు జిల్లుమనగానే నోట్లోంచి వచ్చిన మాట ‘క్షమించండి సార్’. రొయ్యలమ్మే ఆవిడ అటూ ఇటూ చూసి, సార్ ఎవరని అడిగింది. ఆ రద్దీలో ఆవిడకు నలభై ఏళ్లనాటి సంగతి ఏం చెబుతాను? మీకు చెబుతాను.

ఆ సార్ వింగ్ కమాండర్ శేషగిరి గారు. నేల విడిచి సాము చేయకూడదంటారు పెద్దలు. ఆయన వైమానిక దళంలో ఇరవై ఏళ్లు ఆ సామే చేసి, జీతం కూడా తీసుకున్నారు. రిటైరయ్యాక, ఎనభైల మొదట్లో, ఒక చిన్న విమాన కంపెనీకి విశాఖ మేనేజరుగా వచ్చారు. పుట్టింది సబ్బవరం వైపు రైతుల ఇంట్లో. పైలట్లతో ఆయన మాట్లాడే ఇంగ్లీషుకి మేం బిగుసుకుపోయేవాళ్లం. పెట్టెలు ఎక్కించే అప్పన్నతో మాత్రం ‘ఏటి బావా, వల ఆరేసి వచ్చావా’ అనేవారు. నేనక్కడ ఇంకా ఖాయం కాని గుమాస్తాని. బరువూ బాధ్యతా అని జంటగా అంటారే, నా ఉద్యోగం అక్షరాలా అదే. విమానం ఎక్కే ప్రతి వస్తువు బరువూ రాసి, కూడి, పైలట్‌కు ఇవ్వాలి. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు కనక సీట్లనిండా ఇంజనీర్లూ కాంట్రాక్టర్లూ, వెనక అరనిండా రొయ్యలూ ఉండేవి.

సోమవారం పొద్దున్నే అందరం కూర్చుని, గడిచిన వారంలో చేసిన తప్పులు చెప్పుకోవాలని ఆయన నియమం. దళంలో ఎగిరి దిగాక అలాగే చెప్పుకునేవారట, ఆ గదిలో హోదాలు ఉండవట. మొదటి తప్పు ఎప్పుడూ ఆయనదే. అప్పన్న తన వంతు రాగానే, ‘నా తప్పేటి లేదు బాబూ, మీకాడ సేరడమే’ అని నవ్వించేవాడు. నేను మాత్రం ఆలస్యంగా రావడంలాంటి బుల్లి తప్పొకటి ఇంటి దగ్గరే తయారుచేసుకుని వెళ్లేవాణ్ణి. పెద్దది చెబితే ఉద్యోగం ఊడుతుందని భయం.

ఉద్యోగం ఖాయం కావడానికి తొమ్మిది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం విమానం తలుపులు మూశారు. ప్రొపెల్లర్లు తిరుగుతున్నాయి. జేబులో చెయ్యి పెడితే తడి చీటీలు ఆరు తగిలాయి. ఆఖరి నిమిషంలో వచ్చిన రొయ్యల పెట్టెల బరువులు రాసినవి. వాటిని విమానంలోకి ఎక్కించాను గాని కాగితంమీదికి ఎక్కించలేదు. అప్పన్న నా మొహం చూసి కనిపెట్టేశాడు.

‘ఆరు పెట్టెలే గదా అనుకోకు బాబూ. మా పడవకయితే అదే శానా ఎక్కువ. ఎల్లి సెప్పీ.’

పరుగెత్తి, ‘క్షమించండి సార్’ అంటూ చెప్పాను. ఎవరు చేశారని కమాండర్ గారు అడగలేదు. ‘ఎన్ని కిలోలు?’ అన్నారు. నేను కూడేలోపే ఎండలోకి నడిచి, పైలట్‌కు కనబడేలా ఆగమన్నట్టు తలపైన రెండు చేతులూ అడ్డంగా పెట్టి నిలబడ్డారు. ప్రొపెల్లర్లు ఆగాయి. పైలట్ లెక్క మళ్లీ చూసి, ఆ పెట్టెలు దించితే గాని కదలనన్నాడు. ఒక కాంట్రాక్టరు మెట్లమీదికొచ్చి, ఇదెవడి నిర్వాకమని కేకలేశాడు.

‘నాదేనండి. అరగంట ఓపిక పట్టండి,’ అన్నారు కమాండర్ గారు.

సోమవారం వచ్చింది. ఆయన ఎప్పటిలాగే మొదలుపెట్టారు. బరువుల కాగితాన్ని రెండో మనిషి చూడాలని ముందే నియమం పెట్టకపోవడం తన తప్పన్నారు. తర్వాత నావైపు తిరిగారు. మొదటిసారి ఇంట్లో తయారుచేయని తప్పు చెప్పాను.

‘చీటీలు దొరికాక నా దగ్గరికి రావడానికి ఎంతసేపు పట్టిందయ్యా?’

‘రెండు నిమిషాలు సార్. ఉద్యోగం గురించి ఆలోచించాను.’

‘ఈసారి ముందు పరుగెత్తు. ఆలోచన తర్వాత.’

ఈసారి అన్నారంటే నన్ను ఉంచుకుంటున్నారని నాకు అర్థమవడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది.

తర్వాత నేనూ మేనేజరునయ్యాను, రిటైరూ అయ్యాను. ఆ సోమవారాలు ఇంట్లో కొనసాగిద్దామంటే, నా తప్పులకి వారానికొక్క రోజు ఏం చాలుతుందని మా ఆవిడ అడిగింది. అయినా ఇప్పటికీ ఎవరైనా పాలిపోయిన మొహంతో నా ముందు నిలబడితే, ‘ఎవరు చేశారు’ అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. అది మింగడానికి నాకు కొంచెం సమయం కావాలి. అందుకని, ఆయన చెప్పినట్టే, ముందు కుర్చీలోంచి లేస్తాను.